ఎర్ర చిగుళ్ళ కంచె

అక్కా,

కుశలప్రశ్నలు తరవాత, ముందిది విను! మా పెద్ద తోడికోడలి ముఖం కనపడకూడదని రెండిళ్ళ మధ్యా కంచె మొక్కలు నాటానా? ఏడాది పొడుగునా ఎర్రగా ఉంటాయన్నాడు నర్సరీ అతను. నాకేమో కత్తెర వెయ్యడానికి చేతులు రాలేదు. నిలువెత్తు పెరిగాయి కానీ, ఒట్టి ఆకుపచ్చే!

పోయిన నెల ఆవిడ కోపంకొద్దీ తన వైపు కొమ్మలన్నీ కత్తిరించి పారేసింది. నిన్న పొద్దున మేడెక్కి చూద్దును కదా, అటువైపంతా ఎర్రటి చిగుళ్ళే, నిప్పంటుకున్నట్టు! ఉండబట్టలేక, రెండేళ్ళుగా తొక్కని ఆ గడప తొక్కాను.

"దెబ్బలాడ్డానికొచ్చావా?" అంది.

"కాదక్కా, చూడ్డానికొచ్చా," అన్నాను.

నన్ను ఎగాదిగా చూసి కత్తెర తీసింది. "పద, నీ వైపూ కత్తిరిద్దాం. కొమ్మ తెగితేనే కదే ఎర్ర చిగురేసేది, పిచ్చిమొహమా!"

సాయంత్రానికి మధ్యలో రెండు మొక్కలు తీసేసి దారి కూడా చేసేశాం!

మీ ఆడపడుచుకి అడ్డంగా నువ్వూ ఇదే కంచె వేస్తానన్నావుగా, కొమ్మలు పంపుతున్నాను. తప్పకుండా వెయ్యి. కత్తెర మాత్రం ఆవిడకివ్వు.

నీ చెల్లెలు