దీవిలో ఏ కాంతం?

ప్రయాణాల ఆఫీసు గుమస్తా బాబుకి,

మూడో అంతస్తు ముసలమ్మ ఆశీర్వదించి రాయునది. మీ రంగుల కాగితం తలుపు కిందినుంచి వచ్చింది. మా ఇంటికి ఏదైనా వచ్చి చాలా రోజులైంది కనక కూడబలుక్కుని మొత్తం చదివాను. దీవి దేశంలో చూడదగ్గ చోట్లన్నీ చెప్పి, ప్రతిచోటా 'ఏకాంతం దొరుకుతుంది' అన్నారు. ఏ కాంతం బాబూ? మా పక్కవాటా కాంతమేనా? ఎవరింటికెళ్ళినా అతుక్కుపోతుందని అందరం అయస్కాంతం అనేవాళ్ళం. పిలవడానికి పొడుగై కాంతం అయింది. కూతురితో ఏదో దీవికి వెళ్ళిపోయింది. చేరినట్టు కబురైనా లేదు. ఇప్పుడు ఆ గోడకి చెవి పెడితే నా ఊపిరే నాకు వినిపిస్తుంది.

ఇట్లు,
ముసలమ్మ

తా.క. పోస్టు చేద్దామని వీధి చివరిదాకా వెళ్ళి, తాళం వేశానో లేదోనని వెనక్కొచ్చాను. ఎలాగూ వచ్చాను కదా, ఇదీ అడుగుతున్నాను. దీవి నీళ్ళమీద పక్కకి జరగదు కదా?

* * *

అమ్మగారికి నమస్కారాలు.

దీవి ఎక్కడికీ జరగదు. ఏకాంతం ఉదయంపూట ఉత్తర తీరంలో బాగుంటుంది, మధ్యాహ్నం జలపాతం దగ్గర. కొండల్లో అయితే సంపూర్ణ ఏకాంతం.

ఇట్లు,
విధేయుడు, గుమస్తా

తా.క. అది ఒకసారి పట్టుకుంటే మనిషిని వదలదు.

* * *

బాబుకి ఆశీస్సులు.

వదలదన్నావు, అయితే మా కాంతమే. కానీ పొద్దున ఇసుకలో, మధ్యాహ్నం జలపాతం దగ్గర, ఆపైన కొండమీద, ఆ మోకాళ్ళతో ఎలా తిప్పుతున్నారయ్యా? సంపూర్ణమైందంటున్నావు, అసలే భారీ మనిషి. కూర్చోవడానికి ఓ కుర్చీ వేయించు. పెద్దావిణ్ణి పట్టుకుని 'అది' అనకు, ఆ హక్కు నా ఒక్కదానిదే. ఓడంటే గుండె దడ. అయినా పెట్టె సర్దుకున్నాను.

ఇట్లు,
ముసలమ్మ

తా.క. రాత్రిపూట ఓడకి తాళం ఎవరు వేస్తారు?

* * *

అమ్మగారికి,

పొరపాటు నాది. ఏకాంతమంటే మనిషి కాదండీ. చుట్టూ ఎవరూ లేకపోవడం, పలకరించేవాళ్ళు లేని ప్రశాంతత. దానికోసమే అందరూ అంత దూరం వెళతారు.

క్షమించండి,
గుమస్తా

* * *

బాబుకి,

అదా. దానికి ఓడెందుకు నాయనా? నేను నిద్రలేచేసరికే మా కుర్చీలో కూర్చుని ఉంటుంది. కావలసినవాళ్ళని ఇటు పంపు, టీ కూడా ఇస్తాను. కాకపోతే వాళ్ళు రాగానే అది పోతుంది, మీ వ్యాపారానికి పనికిరాదేమో. పెట్టె విప్పేశాను.

ఉంటాను,
ముసలమ్మ

తా.క. ఆ దీవిలో బాగా గోలగా ఉండే చోటేదైనా ఉందా? కాంతం ఉంటే అక్కడే ఉంటుంది.

* * *

అమ్మగారికి నమస్కారాలు.

రేవు దగ్గర చేపల సంత ఒకటుంది. చెవులు చిల్లులు పడతాయని మా కాగితంలో వేయలేదు. మీ ఉత్తరం చూశాక అక్కడి మా బస్సు డ్రైవరుని అడిగాను. సంతలో ఓ పెద్దావిడ వచ్చినవాళ్ళకల్లా అతుక్కుని కబుర్లు చెబుతుందట. ఆవిడ మూలంగా మా బస్సు రోజూ ఆలస్యమేనట. పేరు అడిగే సందు ఇవ్వలేదు గానీ, "తాళం వేశానో లేదోనని వీధి చివరినుంచి వెనక్కొచ్చే వదినొకతి ఉండేది. ఉత్తరం రాద్దామంటే నాకు అక్షరం ముక్క రాదు, మా అమ్మాయికి తీరదు" అందట.

పెట్టె మళ్ళీ సర్దండి.

ఇట్లు,
గుమస్తా

తా.క. ముందే చెప్పడం మా బాధ్యత. ఆ చోట ఏకాంతం దొరకదు. కాంతమే దొరుకుతుంది.