పిల్లికి పూసిన కుక్కల మందు

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు
12-6-2004

తమ్ముడు తిరుపాలుకు అక్క సుంకమ్మ దీవెనలు. నేను బాగుండాను, దిగులు పడొద్దని అమ్మకు చెప్పు.

నేను పనిచేసే ఇంట్లో పిల్లికి నెత్తురు పీల్చే పిడుదులు పట్టినాయి. మందుకు పోతే, "పిల్లికప్పా" అని రెండుసార్లు చెప్పినా అంగడాయన కుక్కల మందే ఇచ్చి, "రెండిటికీ ఒకటే, పుయ్యి పో" అన్నాడు. పూసిన గంటకే పిల్లి నురగ కక్కి గిలగిలా కొట్టుకుంది. ఆస్పత్రికి ఎత్తుకొని పోతే డాక్టరమ్మ నన్నే తిట్టింది. కుక్కకు పనిచేసేది పిల్లికి విషమంట. పైగా అది ఒళ్లు నాక్కుంటుంది గదా! ఎట్లో బతికింది. నేనూరుకుంటానా? అంగడి ముందర నిలబడి, వీధంతా వినేట్టు వాణ్ణి కడిగేసి వచ్చినా. నోరులేని జీవమంటే అంత అలుసా?

బర్రె ఈనిందా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా, రాయి. మన కుక్కకు వేపనూనె రుద్ది, పిడుదులు చేత్తో ఏరు, చాలు.

ఇంకో మాట. పోయినేడాది మన పిల్లికి బర్రెల పిడుదుల మందు పూసింది నేనే. అది ఇట్లే నురగ కక్కి చస్తే, పక్కింటి ఓబులమ్మ పిన్ని విషం పెట్టిందని శాపనార్థాలు పెట్టి, ఆమె వాకిట్లో మన్ను చల్లింది గూడా నేనే. పిన్నికి నా దండాలు చెప్పు. ఆ వాకిట్లోనే నిలబడి, వీధంతా వినేట్టు ఈ కార్డు చదువు.

మీ అక్క
సుంకమ్మ