ఐదంగుళాల ఎత్తు

1958 ఆగస్టు 24, ఆదివారం

పరువు పోయింది. భాగ్యలక్ష్మిని తొలి కాన్పుకు పుట్టింట్లో దింపడానికి పోతుంటే, పులివెందుల ఇవతల వంకలో నా జీపు ఆగిపోయింది. మోకాలి లోతు నీళ్ళు. అడుగున రాయి తగిలి ముందుకూ పోదు, వెనక్కూ రాదు. లోపల ఏడో నెల మనిషి. అప్పుడే రావాలా ఆ జయరామయ్య! తన జీపును దర్జాగా నీళ్ళలోకి దింపి, మోకు కట్టి, నన్ను ఒడ్డుకు లాగాడు. భాగ్యం ఆయన బండిలోకి మారింది. నీ బండి శానా ఎత్తుండాది బావా అని నవ్వింది కూడా.

ఈయన ఆమె మేనమామ కొడుకు. వరసకు మొదటి హక్కు ఆయనదే. ఆయనకే ఇద్దామనుకుని, జాతకాలు కుదరక నాకిచ్చారు. నేను ఆయన్ను అన్నా అని పిలవాలి. పిలుస్తాను. నోరు చేదవుతుంది.

ఆగస్టు 25

నిన్న ముద్దనూరు దాటినప్పటి నుంచి భాగ్యం నాతో ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ బండెక్కగానే నవ్వింది.

ఆగస్టు 28, పగలు 11

ప్రొద్దుటూరు. మెకానిక్ రహమతుల్లా షెడ్డు. నాది యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన జీపు. పాతదే, కానీ రోజూ జమ్మలమడుగు నుంచి బండల గనికి తిరిగేది అదొక్కటే. ఎంత ఎత్తు లేపగలవని అడిగాను.

కింద దూరి చూసి మూడు దారులు చెప్పాడు. బండి బరువు మోసే కమాన్ పట్టీలను కొలిమిలో పెట్టి వంపు తిప్పి, ఇంకొక పట్టీ చేరిస్తే ఒకటిన్నర అంగుళం. ఆ పట్టీలను చాసిస్‌కు తగిలించే షాకిళ్ళు పొడుగువి వేస్తే రెండు, కానీ స్టీరింగ్ ఊగుతుంది. కమాన్ కట్టను యాక్సిల్ కింది నుంచి తీసి పైన కూర్చోబెట్టి, లారీ పట్టీలు వేస్తే ఏకంగా ఐదు. అయితే బండి రాయిలా బిర్రుగా అయిపోతుందట. దినామూ తిరిగే బండి, ఇంట్లో కాన్పు, ఒకటిన్నర శానప్పా అన్నాడు.

జయరామయ్యది ఎంత లేపావని అడిగాను. ఆయప్ప బండి సంగతి నీకెందుకప్పా అని కసిరాడు.

సెప్టెంబరు 7

భాగ్యాన్ని చూడ్డానికి పోయాను. పక్కిల్లే జయరామయ్యది. ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు బయటి జీపు దగ్గర వంగి, నేల నుంచి చాసిస్ దాకా తువ్వాలు పట్టి కొలత గుర్తుకు ముడి వేసుకున్నాను. మా అత్త, భాగ్యం తల్లి గౌరమ్మ చూసింది. ఏం పోగొట్టుకున్నావు నాయనా అని అడిగింది. గుండీ అన్నాను. పాపం, ఆమె కూడా వంగి వెతికింది.

ఇంటికొచ్చి నా బండికి ఆ తువ్వాలు పట్టి చూశాను. ఆయనది నాలుగంగుళాలు ఎక్కువ.

సెప్టెంబరు 11

ఐదు. లారీ పట్టీలే. ఇది బండా మంచెనా అని రహమతుల్లా తల కొట్టుకున్నాడు. కొట్టుకోనీ. ఆయన కంటే ఒక్క అంగుళం పైన ఉంటాను.

సెప్టెంబరు 18

బండి తెచ్చాను. ప్రొద్దుటూరు నుంచి వచ్చేలోపు రెండుసార్లు తల పైకమ్మీకి కొట్టుకుంది. అయినా రాజాలా ఉంది. వెనక ఆరు బండలు ఎక్కించి చూశాను. బరువుకు పట్టీలు వంగి కాస్త మెత్తబడ్డాయి. ఉపాయం దొరికింది.

అక్టోబరు 19, ఆదివారం

నొప్పులు మొదలయ్యాయని పొద్దున బస్సులో మనిషి వచ్చి చెప్పాడు. కుదుపు తగలకూడదని ఆరు బండలూ వేసుకునే బయలుదేరాను. వాకిట్లో గౌరమ్మ ఆ బండలు చూసి కేకలు పెట్టింది. ఏం నాయనా, బిడ్డను కాన్పుకు తీసకపోతాండావా, గోరీ కట్టేకి పోతాండావా అని. రోజూ బండల్లో బతికే వాణ్ణి, అది తట్టనే లేదు. గబగబా దింపేశాను.

జీపు ఎక్కించడానికి పీట వేశాం. భాగ్యం కాలు అందలేదు. ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తి కూర్చోబెట్టారు. బండలు లేని బండి ఊరు దాటకముందే ఎగరడం మొదలుపెట్టింది. ఆమె పెదవి కొరుక్కుంటూ దింపమంది. నడుస్తానంది.

వెనకాలే జయరామయ్య వచ్చాడు. ఆయన జీపు పొట్టిగా ఉంది! రెండు పట్టీలు పోయిన నెలే తీయించినాడని భాగ్యం పక్కన కూర్చున్న గౌరమ్మ చెప్పింది, పిల్లకు కుదుపు తగలకూడదని. ఎవరు తీయించమన్నారు? నా భార్యకు కుదుపు తగిలితే ఈయనకేం? నాకెందుకు తట్టలేదు?

ఆమెను ఆయన బండిలో పడుకోబెట్టారు. వెనక వస్తానని నా బండి వైపు తిరిగాను. భాగ్యం నా చొక్కా పట్టుకుంది. ఆ బండి ఆన్నే పడుండనీండి, మీరూ ఈడనే కూర్చోండి అంది. నలుగురూ చూస్తున్నారు. ఆమె వదల్లేదు. ఎక్కి తల ఒళ్ళో పెట్టుకున్నాను.

వంకలో నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి దాకా గుంత గుంతకూ బ్రేకు వేస్తూ నడిపాడు. బాగా నడిపాడు. ఈ మాట రాయకూడదనుకున్నాను.

అక్టోబరు 20

ఆడపిల్ల. నేనే ముందు చూశాను. ఆయన నా తర్వాత చూశాడు.