ఇసుక కాలని కాళ్ళు

అప్పకి,

నీ పాదాలకు దండం పెట్టి నీ చెల్లెలు పైడి రాసేది. నేనిక్కడ క్షేమం. మీరంతా క్షేమమని నువ్వు అంటావు గానీ, ఈసారి నీ మాట నమ్మను. ఫోన్లో ఏదైనా అడగబోతే “సర్లే, తిన్నావేటే?” అని మాట తిప్పేస్తావు. అందుకే ఈ ఉత్తరం. దీన్ని ఫొటో తీసి ఇవాళే మంగ ఫోన్‌కి పంపుతున్నాను, కాగితం వెనకాల వస్తుంది. ఒసే మంగా, మీ అమ్మని కూర్చోబెట్టి, పిన్ని రాసింది ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించు. మధ్యలో లేవనివ్వకు.

స్వీడన్‌లో ఇప్పుడంతా మంచు. మూడింటికే చీకటి పడిపోతోంది. ఇక్కడా సముద్రం ఉందప్పా, కానీ భావనపాడు ఒడ్డున ఉండే ఆ కేకలేవీ? ఆ వాసనేదీ? చేపలకి తలకాయలు తీసేసి ప్లాస్టిక్‌లో చుట్టి అమ్ముతారు. ఆదివారం పులుసు పెట్టుకున్నాను. చింతపండు మనదే, చెయ్యి నీది కాదు. రెండు ముద్దలు తిని ఏడుస్తూ కూర్చున్నాను.

నా చదువు కొవ్వు మీద అంటే బావ ఏమన్నాడో గుర్తుందా? “కవళ్ళ సేపలు కోస్తే బోల్డు కొవ్వొస్తాది, దానికి ఇమానం ఎక్కాలేటి?” నవ్వనీ. మనం ఉప్పు చేపలు కుండల్లో దాచేవాళ్ళం కదా. కుండలు నిండితే మిగిలినవి మంచం కిందా పొయ్యి పక్కనా పెట్టి ఇల్లంతా పాడు చేసుకునేవాళ్ళం. ఒంట్లో కొవ్వు కణాలు ఆ కుండల్లాంటివే. సన్నగా కనిపించే కొందరికి ఆ కుండలే తక్కువ. మిగిలిన కొవ్వు పోయి కాలేయంలో, కండల్లో చేరుతుంది. అప్పుడు ఇన్సులిన్ సరిగా పనిచెయ్యక సుగర్ వస్తుంది. ఆ కణాల్నే నేను రోజంతా మైక్రోస్కోపులో చూస్తాను.

ఊళ్ళో డాక్టర్లు పెట్టిన క్యాంపులో నీకు సుగర్ ఉందంటే “బక్కదాన్ని, నాకేటి సుగరు!” అని మాత్రలు చూరులో దోపేశావు. చదువు మొదలుపెట్టిన రోజుల్లో నేనూ నీకు రాదనే అన్నాను. ఆ మాటకి చెంపలేసుకుంటున్నాను.

పోయిన వారం నువ్వెంత మురిసిపోతూ చెప్పావో! “నా కాళ్ళకి ఇసక కాల్డం మానీసినాదే. మిట్టమద్దేనం నడిసొచ్చినా తెల్దు. గంగమ్మతల్లి సల్లగా సూసింది. ఒడ్డున ఆడోళ్ళందరూ నా కాళ్ళకి దండమెడతన్నారు!” నేనూ నవ్వాను. అదృష్టవంతురాలివే అన్నాను.

మర్నాడు బస్సు తప్పిపోయి మంచులో నడిచాను. బూట్లలోకి నీళ్ళు వెళ్ళి కాళ్ళు మొద్దుబారిపోయాయి. ల్యాబ్‌లో హీటరు దగ్గర కూర్చుంటే కాళ్ళలో రక్తం మళ్ళీ పారి ఒకటే మంట. “అమ్మా!” అని అరిచాను. అప్పుడు తట్టింది నీ మాట. ఇసుక కాల్చడం మానదప్పా. నీ కాళ్ళకే తెలియడం మానేసింది. సుగర్ నరాల్ని తినేస్తోంది. ఇంత చదువు చదివి, నువ్వు నోటితో చెబుతుంటే నవ్వాను చూడు, సిగ్గుతో చచ్చిపోయాను.

వెంటనే ఫోన్ చేస్తే “గంగమ్మ సల్లగా సూస్తే నీకు కుళ్ళేటే?” అని పెట్టేశావు.

మంగా, అమ్మని కళ్ళు మూసుకోమని అరికాళ్ళకి దూది తాకించు. తెలిసిందా అని అడుగు. వేళ్ళ సందుల్లో బొబ్బగానీ సముద్రపు గుల్ల గీరిన పుండుగానీ ఉందేమో వెతుకు. ఉన్నా లేకపోయినా, బావా, రేపు వేట మానేసి అప్పని టెక్కలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నీకు దండం పెడతాను.

అప్పా, ఇక చెప్పుల్లేకుండా ఇసుకలో నడవకు. వలల దగ్గర చెప్పులు వేసుకోకూడదని నాకూ తెలుసు. వల ముట్టే ముందు విప్పు, తల్లికి దండం పెట్టు, మళ్ళీ తొడుక్కో. అమ్మ పోయాక ఆ కాళ్ళతోనే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నౌపడ దాకా తిరిగి నన్ను చదివించావు. అది గంగమ్మకి తెలియదా, కోప్పడుతుందా?

పోయిన స్పర్శ తిరిగి వస్తుందని అబద్ధం చెప్పను. ఉన్న కాళ్ళు నిలబెట్టుకుందాం. ఎండు నెత్తళ్ళు పంపకు, ఇక్కడి కస్టమ్స్ వాళ్ళు పారేస్తారట. వేసవికి నేనే వచ్చి తింటాను. పెద్దమావకి నా దండాలు చెప్పు.

చిన్నప్పుడు ఇసుక కాలుతోందని నేను ఏడిస్తే, నీ పాదాల మీద నా పాదాలు పెట్టించుకుని నడిచేదానివి. నాకు కాలకుండా నువ్వు కాల్చుకున్నావు. ఇప్పుడు నీకు తెలియడం లేదు గానీ, ఇంత మంచులో నా అరికాళ్ళు మండుతున్నాయే అప్పా.

నీ పాదాల మీద నడిచిన
పైడి