ఒకే రెక్క ఈకలు

ఎమ్మిగనూరు,
1954, చవితి పోయిన వారం

బావ మాదన్నకు, బామ్మర్ది ఉరుకుందప్ప దండం పెట్టి రాసేది ఏమంటే: ఈడ అందరం బాగుండాము, నా గురి తప్ప. ఆడ నువ్వు, మా అక్క పార్వతమ్మ బాగుండారని తలుస్తాను.

సంగతి నీకు తెల్సిందే. దసరాకు మా పేటలో దేవుని పల్లకి జమ్మి పూజకని బన్ని చెట్టు కాడికి పోతే, అరటిబోదెకు విల్లుతో అంబు కొట్టే మర్యాద మా ఇంటిది. పోయినేడు నా అంబు బోదెను ఇడిసిపెట్టి పల్లకి గొడుగులో దిగబడె. బోదె పక్కన సాక్షిగా నిలబడేది మా దాయాది తిమ్మన్న. "తగిలె" అన్నా, "తప్పె" అన్నా వాడే చెప్పాల, ఇంకెవరు చెప్పినా చెల్లదు. "తప్పె!" అని వాడు అరిచిన అరుపు మంత్రాలయం దాకా వినపడింటుంది. ఈసారీ తప్పితే మర్యాద తిమ్మన్న ఇంటికి పోతుందని పెద్దోళ్లు తీర్మానం చేసినారు.

మా తాత విల్లు మంచిదే. అంబులే వంకర. నువ్వు బడి ఎగ్గొట్టి ఆదోని కొండల్లో విల్లు పట్టుకొని తిరిగినోడివి. మంచి అంబులు చేసి పంపు.

నీ బామ్మర్ది,
ఉరుకుందప్ప

తా.క.: ఈసారి పరాచికాలు వద్దు బావా. కర్నూలు రాజధాని అయినప్పుడు "వారం దినాలు బస్సుకు టికెట్టు లేదు" అంటివి. నమ్మి ఎక్కితే కండక్టరు గోనెగండ్లలో దింపేసె.

*

ఆదోని

బామ్మర్దికి బావ మాదన్న దీవించి రాసేది. మీ అక్క బాగుంది. నేను బాగుండానో లేదో మీ అక్కనే అడగాల.

పత్తి బండి మీద వెదురు అంబులు పంపినా. ఈకలు వేరే మూటలో ఉండాయి. అంబును విల్లుకు ఇచ్చి పెండ్లి చెయ్యాల, జాతకం కుదరకుండా ఈకలు కట్టకూడదు. ముందు పుల్లను నిప్పు సెగకు చూపించి వంకర తియ్. ఈకలు లేకుండానే ఒకటి కొట్టి చూడు. ఎడమకు పోతే పుల్ల బిర్రుగా ఉన్నట్టు, గాజుపెంకుతో గీకి సన్నం చెయ్. కుడికి పోతే మెత్తగా ఉన్నట్టు, కొన కోసి పొట్టి చెయ్. నేరుగా పోయినాక మూడు ఈకలు కట్టు. మూడూ ఒకే రెక్కవి కావాల. కుడి రెక్కవైతే అన్నీ కుడివే.

మీ బావ,
మాదన్న

తా.క.: కొట్టే ముందు అంబు చెవిలో నీ పేరు, మీ నాయన పేరు, పోవాల్సిన చోటు చెప్పు. చెప్పకుంటే దానికి యాడికి పోవాలో ఎట్ల తెలుస్తుంది?

*

ఎమ్మిగనూరు

బావకు బామ్మర్ది రాసేది. అంబులు చేరినాయి. నీ తమాషాలూ చేరినాయి. ఈతూరి నేను మోసపోలేదు.

ఈకలు లేకుండా కొట్టాల్నా? రేపు విల్లు లేకుండా కొట్టమంటావు. ఒకే రెక్క ఈకలంట! అట్లయితే కోడికి దేవుడు రెండు రెక్కలు ఎందుకిచ్చినట్టు? నేను ఒకటి కుడి రెక్కది, ఒకటి ఎడమ రెక్కది, తగువు రాకుండా ఒకటి తోకది కట్టినా.

తా.క.లో రాసింది మాత్రం నిజమే అనిపించె. మా తాత కూడా కొట్టే ముందు ఏదో గొణిగేటోడు. అంబుకు చెవి ఏ కొనకుంటుందో నువ్వు రాయకపోతివి, అందుకని రెండు కొనలకూ చెప్పినా.

అంబు గిరగిరా తిరిగి పక్కింటి ముత్తమ్మ మజ్జిగ కుండలో పడె. ముత్తమ్మ వాకిట్లోకి వచ్చి, "యో ఉరుకుందప్పా, బోదె యాడ, నా కుండ యాడ? కండ్లు ఆదోని సంతలో అమ్ముకొస్తివా?" అనె.

నీ బామ్మర్ది,
ఉరుకుందప్ప

తా.క.: ఆ అంబుకు ముత్తమ్మ పేరు నేను చెప్పనే లేదు. తిమ్మన్న గానీ చెప్పింటాడా?

*

ఆదోని

బామ్మర్దికి, ఉరుకుంద ఈరన్న సామి మీద ఒట్టు పెట్టి బావ రాసేది.

ఓరి నాయనా, నిజం చెప్పింది నమ్మకపోతివి, తమాషా చేసింది నమ్మితివి! నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అక్క రొట్టెల పిండి చేతులతోనే నా మీదికొచ్చె. "వాని మర్యాద పోతే నా పుట్టింటి మర్యాద పోయినట్టే. ఈ ఒక్కతూరి నిజం సెప్పు, నీ నోరేం అరిగిపోదు" అనె.

అందుకే ఇప్పుడు గీత గీస్తాండా. నా ఉత్తరాల్లో సంతకానికి పైన ఉండేదంతా నిజం. సంతకం కింద ఉండేది తమాషా. పోయిన ఉత్తరం తీసి, పైది పైనట్టే చెయ్. ఈకలు ఒకే రెక్కవి.

మీ బావ,
మాదన్న

తా.క.: ఉత్తరం అంటించేటప్పుడు మీ అక్క గుర్తు చేసె. నీది ఎడమచేతి వాటం కదా! కుడీ ఎడమా నేను రాసినదానికి తిరగేసుకో. ఇది చానా ముఖ్యం.

*

ఎమ్మిగనూరు

బావకు, ఏం రాయాలో తోచని బామ్మర్ది రాసేది.

నీ ఉత్తరంలో పైది పైనట్టే చేసినా. తా.క. చదివి నేనూ నా పెండ్లామూ కడుపుబ్బ నవ్వుకున్నాం. కుడి ఎడమలు తిరగేసుకోవాలంట! "మీ బావ మారడు" అనె ఆమె.

ఈక లేని అంబు ఎడమకు పోయె. బిర్రుగా ఉందని గీకినా. ఇంకా ఎడమకు పోయె. ఇంకా గీకినా. ఇప్పుడది తోటకూర కాడ మాదిరి ఊగుతాంది. తిమ్మన్న వచ్చి చేతిలోకి తీసుకొని చూసి, "ఏమప్పా, ఇది అంబా, పండ్లు కుట్టుకునే పుల్లనా?" అనె. పేటంతా నవ్వె.

పండగ దగ్గరికొచ్చె. నాకు ఏది నిజమో, ఏది తమాషానో, నాది ఏ చెయ్యో కూడా తెలీకుండా పోయె. ఒకటే తీర్మానం చేసుకున్నా: ఇంకమీదట నువ్వు ఏం రాసినా దానికి అడ్డం తిరిగి చేస్తా.

ఉరుకుందప్ప

తా.క.: ఈ తా.క. కూడా నిజమే. మాకు తమాషాలు రావు.

*

ఆదోని

ఉరుకుందప్పకు, నీ పగవాడు మాదన్న శపించి రాసేది.

నీ అంబు తప్పాల, తిమ్మన్న గెలవాల. అందుకని చెప్తాండా, బాగా విను. ఈకలు ఒకే రెక్కవి కట్టేవు, జాగ్రత్త! కాకిది ఒకటి, కోడిది ఒకటి, నెమలిది ఒకటి కట్టు. పుల్లను గీకుతానే ఉండు. పొరపాటున కూడా కొన కోసి పొట్టి చెయ్యొద్దు. కొట్టేటప్పుడు కండ్లు గట్టిగా మూసుకో.

నీ చెడు కోరే,
మాదన్న

తా.క.: ఇది చదివి వినిపిస్తే మీ అక్క నన్ను బయటికి తోసి తలుపేసె. అరుగు మీద కూచొని రాస్తాండా.

*

ఎమ్మిగనూరు,
దసరా మరుసటి దినం

దేవుడిలాంటి బావకు, బామ్మర్ది కాళ్లు మొక్కి రాసేది.

నీ ఉత్తరంలో "పగవాడు" అనే మాట చూసి నాకు ఏడుపొచ్చె. ఎన్ని తమాషాలు చేసినా నువ్వు ఎప్పుడూ అట్ల రాసినోడివి కాదు. నా మాటకు నీ మనసు నొచ్చుకుందని తెలిసె. అందుకే ఒట్టేసుకున్నా, ఈ ఒక్కతూరి బావ రాసినది అక్షరం పొల్లుపోకుండా చేస్తానని. కాకి ఈక కోసం రెండు దినాలు తిరిగినా. గీకి గీకి అంబును దారం మాదిరి చేసినా. పేటలో అందరికీ చెప్పినా, కండ్లు మూసుకొనే కొడతానని.

పండగనాడు నేను విల్లు ఎత్తేసరికి పల్లకి మోసేటోళ్లు పల్లకితో సహా బన్ని చెట్టు ఎనక్కి పోయినారు. జనమంతా గట్టు చాటున పండుకొనిరి. బోదె కాడ తిమ్మన్న ఒక్కడే ఉండాడు.

"నిజంగానే కండ్లు మూస్తివే?" అనె.

"మా బావ సెప్పినాడు."

"యా బావ? ఆదోని మాదన్ననా?"

"ఆయప్పే" అని తాడు లాగి వదిలినా.

కండ్లు తెరిస్తే అంబు లేదు. తిమ్మన్నా లేడు. పంచె ఎగ్గట్టి దేవనకొండ దారిన పోతాండాడంట. పెద్దోళ్లు బోదెను తడిమి చూసి, "తప్పినట్టే ఉంది గానీ, తప్పె అని చెప్పాల్సినోడు ఏడీ?" అనిరి. చానాసేపు తర్కం చేసి, "చెప్పేటోడు లేనప్పుడు తగిలినట్టే" అని తీర్పు చెప్పినారు. మర్యాద మా ఇంట్లోనే నిలబడె. అంతా నీ చలవ బావా. అక్కకు చెప్పు, తలుపు తీయమను.

ఎప్పటికీ నీ బామ్మర్ది,
ఉరుకుందప్ప

తా.క.: నీ సలహా వల్లే నేను గెలిచినానని తిమ్మన్నకు నమ్మకం కుదిరె. వచ్చే దసరాకు వాడే కొట్టాలని, అంబులు చేయించుకునేదానికి ఈ పొద్దు బస్సెక్కి నీ కాడికే వస్తాండాడు. నా మీద ప్రేమ ఉంటే వాని దగ్గర ఒక్క తమాషా కూడా చెయ్యొద్దు బావా. అంతా నిజమే చెప్పు.