పొడి మానేసిన వారాలు

డాక్టరు గారికి,

మా అమ్మాయి నోటుబుక్కు కావాలని నర్సమ్మతో కబురు పంపారు. సొంత ఒళ్లే తనమీద తిరగబడే జబ్బు, లేవనివ్వని నీరసం. ఏది పనిచేస్తుందో తేల్చుకోవాలని ఒక్కో బలం పొడి మూడు వారాలు తాగి, మూడు వారాలు మానేసి, రోజూ ఎన్ని మెట్లు ఎక్కిందో రాసుకుంది. ఆ పుస్తకం మీకు తెచ్చి చూపిస్తే "వంటల పుస్తకమా అమ్మాయ్?" అని నవ్వారు. పిల్ల పోయాక పనికొచ్చిందా మీకు?

ఇవ్వను. అందులో రాసింది నిజం కాదు. ఒక పొడి మానేసిన వారాల్లో పిల్ల మంచం దిగలేకపోతుంటే చూడలేక, దానికి తెలియకుండా పాలల్లో నేనే ఆ పొడి కలిపాను. "మానేసినా ఎక్కుతున్నానమ్మా, ఇది దండగ" అని ఆ పొడి పేరు కొట్టేసింది. నిజం చెప్పకుండా ఆ డబ్బా అటకెక్కించాను.

ఆ రోజు మీరు నవ్వకుండా "ఇంట్లో పొడి ఎవరు కలిపిస్తారు?" అని ఒక్క మాట అడిగుంటే, అక్కడే, పిల్ల ఎదుటే ఒప్పుకునేదాన్ని.

మీరు నవ్విన పిల్ల తల్లి