పాత డైనమో

స్పేర్‌ పార్టుల షాపు మేనేజరు గారికి,

నమస్కారం. సోమవారం మీ కౌంటరులో పాడైన కారు డైనమో ఇచ్చి, లైఫ్‌టైమ్ గ్యారంటీ కింద కొత్తది పట్టుకెళ్లింది నేనే. రసీదు మావారి పేరున ఉంది. "సార్ రాలేదేంటమ్మా?" అని మీ కౌంటరాయన అడిగితే, "ఊళ్లో లేరండీ" అన్నాను. అది అబద్ధం. ఆయన పోయి రెండు నెలలైంది. కొన్న మనిషికి తప్ప గ్యారంటీ ఇంకెవరికీ చెల్లదని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. చదివే వచ్చాను.

కానీ ఈ ఉత్తరం క్షమాపణ కోసం కాదు. ఆ పాత డైనమో ఆయన స్వయంగా బిగించింది. బిగించిన తేదీని దాని మీద మేకుతో గీశారు. "ఎన్నాళ్లు పనిచేస్తుందో చూద్దాం" అన్నారు. సంతకానికి తప్ప పెన్ను పట్టని మనిషి. పాతది ఇస్తేనే కొత్తది ఇస్తామంటే, ఆ గీతల సంగతే మరిచిపోయి ఇచ్చేశాను.

పాతవన్నీ శుక్రవారం కంపెనీకి పంపేస్తారట. నాది తీసి పక్కన పెట్టించండి. కొత్తది విప్పించి ఉంచాను, తెచ్చిచ్చేస్తాను. కారు కదలదు కాబట్టి గురువారం బస్సులో వస్తాను. అందాకా దాన్ని ఎవరినీ తుడవనివ్వకండి.

ఇట్లు,
రసీదులో పేరున్నాయన భార్య